గాజువాక ఆటోనగర్ ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాప్: షాపులో దిట్టమైన వెల్డింగ్, సైటులో సడలిన పట్టు

విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లోని ఈ ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపుకు, అనకాపల్లి దగ్గర కట్టిన ఒక గోదాము ఉక్కు చట్రం పనిని అప్పగించాము. పోర్టల్ ఫ్రేములు (రెండు స్తంభాల మీద వాలు దూలాలు, అంటే రాఫ్టర్లు, కలిసిన చట్రాలు), వాటి మధ్య బ్రేసింగులు (చట్రం పక్కకు ఒరగకుండా ఆపే ఐమూల కడ్డీలు), ఒక పక్కన బరువైన సరుకు నిలవ చేసుకునే మెజనైన్ (నడిమి) అంతస్తు, ఇదీ పని పరిధి. డిజైను, డ్రాయింగులు మావి. ఉక్కు కొనడం, కోయడం, వెల్డింగ్, ప్రైమర్, రవాణా, సైటులో నిలబెట్టడం వారివి. వర్క్‌షాపులో జరిగిన వెల్డింగును ఎంత కఠినమైన ఇన్‌స్పెక్టరుకైనా ధైర్యంగా చూపించవచ్చు. సైటులో జరిగినదాని గురించి మాత్రం ఆ మాట అనలేను. సంస్థ ఒకటే, డ్రాయింగు ఒకటే, వాడిన వెల్డింగ్ రాడ్డు (ఎలక్ట్రోడు) కూడా ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎక్కడ పుట్టిందో రాస్తే, ఇక్కడ పని ఇవ్వాలనుకునేవారికి పనికొస్తుందని ఈ సమీక్ష.

ముందుగా ధర సంగతి. ఈ వ్యాపారంలో రేటు కిలోకు ఇంత అని మాట్లాడుకుంటారు. తూకానికి వచ్చేది ఉక్కే కాబట్టి, రాడ్డు ఆరబెట్టినా ఆరబెట్టకపోయినా, అతుకును పరీక్షించినా పరీక్షించకపోయినా బిల్లులో తేడా కనబడదు. మాకు అందిన చౌక కొటేషన్లలో పరీక్షల ఊసే లేదు. వీరు మాత్రం డై పెనెట్రెంట్ పరీక్షకు (రంగు ద్రవంతో పైపగుళ్లు చూసేది), అల్ట్రాసోనిక్ పరీక్షకు (ధ్వని తరంగాలతో లోపలి లోపాలు చూసేది), బయటి ఇన్‌స్పెక్టరు రుసుముకు విడివిడిగా పద్దులు చూపించారు. మొత్తం చూస్తే రేటు ఎక్కువగానే అనిపిస్తుంది గానీ, కొనేవాడికి ఏ పనికి డబ్బు ఇస్తున్నాడో తెలిసే కొటేషన్ అదొక్కటే.

ఉక్కు విషయంలో వారు జాగ్రత్తపరులు. విశాఖ ఉక్కు కర్మాగారం కూతవేటు దూరంలోనే ఉన్నా అక్కడ ప్లేట్లు తయారు కావు. యాంగిళ్లు, చానళ్ల వంటివి దొరుకుతాయి గానీ ప్లేట్లు వేరే చోటు నుంచి రావలసిందే. అందువల్ల డీలర్ల చేతులు మారి వచ్చే ప్లేటు మీద అనుమానం సహజం. భారతీయ ప్రమాణం ఐఎస్ 2062 ప్రకారం ఇ 350 గ్రేడు అడిగినచోట అంతకన్నా తక్కువ బలమున్న ఇ 250 వచ్చిపడితే కంటికి తేడా తెలియదు. వీరు మిల్లు టెస్ట్ సర్టిఫికెట్‌లోని హీట్ నంబరును (ఒకే విడత కరిగించిన ఉక్కుకు ఇచ్చే నంబరు) ప్లేటు మీది ముద్రతో సరిచూసి, కోసిన తర్వాత ప్రతి ముక్క మీదా అదే నంబరును పంచ్‌తో కొడుతున్నారు. ముక్కలైన ప్లేటుకు పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలిగే వర్క్‌షాపులు మన దగ్గర తక్కువే.

ఇక అసలు బలం ఆర్క్ వెలగకముందు జరిగే పనిలో ఉంది. ఫిట్టరు ముక్కలను టాక్ చేసిన (చిన్న వెల్డులతో తాత్కాలికంగా నిలిపిన) వెంటనే వెల్డరు మొదలుపెట్టడం ఇక్కడ కుదరదు; మధ్యలో ఫోర్‌మన్ వచ్చి అంచుల కోణం, రూట్ గ్యాప్ (అతుకు అడుగున వదిలే ఖాళీ), రెండు ముక్కల మధ్య సందు చూసి సుద్దతో గుర్తు పెట్టాలి. ఇది చాదస్తం కాదు. మూలలో త్రికోణంగా వేసే ఫిల్లెట్ వెల్డును దాని కాలుతో (ప్లేటు మీద ఆనే భుజంతో) కొలుస్తారు. 6 మిల్లీమీటర్ల ఫిల్లెట్ వెల్డుకు లెక్కలోకి వచ్చే గొంతు మందం (మూల నుంచి వెల్డు ముఖం దాకా ఉండే అతి తక్కువ మందం) సుమారు 4.2 మిల్లీమీటర్లే. ముక్కల మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదిలి పైన అదే 6 మిల్లీమీటర్లు వేస్తే, గేజి పెట్టి చూసినప్పుడు కొలత సరిగ్గానే కనిపిస్తుంది, లోపల మాత్రం సగం బలం పోయి ఉంటుంది. సందు ఎంత ఉంటే వెల్డు కాలును అంత పెంచాలన్నది నియమం. వెల్డింగ్ పూర్తయ్యాక ఏ ఇన్‌స్పెక్టరూ కంటితో పట్టలేని లోపం ఇది కనుక, టాక్ దశలో చూడటమే దారి.

రాడ్డుల విషయంలోనూ అంతే శ్రద్ధ. ముఖ్యమైన అతుకులకు ఇ 7018 రకం తక్కువ హైడ్రోజన్ ఎలక్ట్రోడులు వాడారు. ఈ రాడ్డు పూత తేమను పీల్చుకుంటుంది. ఆ తేమ ఆర్క్ వేడికి విడిపోయి హైడ్రోజన్‌గా వెల్డు లోహంలోకి చేరితే, అతుకు చల్లారిన గంటల తర్వాత, ఒక్కోసారి మరుసటి రోజు కూడా పగులు పుట్టవచ్చు. సముద్రపు గాలి వీచే ఊరిలో ఇది పుస్తకాలకు పరిమితమైన భయం కాదు. అమెరికన్ వెల్డింగ్ సొసైటీ డీ1.1 కోడ్ ప్రకారం పెట్టె తెరిచాక రాడ్డులను కనీసం 120 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న ఓవెన్‌లో ఉంచాలి. ఇ 7018 రాడ్డు బయటి గాలిలో 4 గంటలకు మించి ఉండకూడదు. మించితే 260 నుంచి 430 డిగ్రీల మధ్య కనీసం 2 గంటలు మళ్లీ కాల్చాలి. ఇక్కడ ఓవెన్ దగ్గర ఒక రిజిస్టరు ఉంది. ఎవరు, ఎన్ని రాడ్డులు, ఏ సమయానికి తీసుకున్నారో, ఎన్ని తిరిగి ఇచ్చారో అందులో రాస్తున్నారు. రాతలు ఇన్‌స్పెక్షన్ రోజున ఒకే పెన్నుతో నింపినట్టు లేవు, చేతిమరకలతో సహా రోజువారీ రాతలే. ప్రతి వెల్డింగ్ బల్ల దగ్గరా కరెంటు, పోలారిటీ, ప్లేటు మందాన్నిబట్టి ముందు వేడి ఎంత పెట్టాలో తెలుగులో రాసిన అట్ట వేలాడుతోంది. ఇంగ్లీషు పత్రాన్ని ఫైలులో దాచి ఆడిటరుకు చూపించడం కన్నా ఇది నూరు రెట్లు నయం.

పోర్టల్ ఫ్రేములో స్తంభమూ రాఫ్టరూ కలిసే మోకాలి అతుకు మీదే మా దృష్టంతా. గాలి భారాల ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన ఊరిలో ఆ అంకెను ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. గాలి కప్పును పైకి లాగినప్పుడు మామూలు బరువుకు నొక్కుడు పడే దూలపు అంచు (ఫ్లాంజ్) లాగుడులోకి మారుతుంది కాబట్టి, ఎండ్ ప్లేటును (దూలం కొసన అతికే ప్లేటును) అంచుకు కలిపే అతుకులను పూర్తి మందం లోతున వేయమని డ్రాయింగులో చూపించాము. వీటన్నిటికీ బయటి సంస్థతో అల్ట్రాసోనిక్ పరీక్ష చేయించగా ఒక అతుకులో లోపలి పాస్‌ల (వెల్డు పొరల) మధ్య స్లాగు (రాడ్డు పూత కరిగి మిగిలే మడ్డి) చిక్కుకున్నట్టు తేలింది. వర్క్‌షాపు వారు వాదనకు దిగలేదు. గౌజింగ్‌తో అక్కడి వరకు తవ్వి, డై పెనెట్రెంట్ వేసి లోపం పూర్తిగా పోయిందని చూపించి, మళ్లీ వెల్డింగ్ చేసి, మళ్లీ పరీక్షకు పెట్టారు. మరమ్మతు నివేదిక కూడా మాకు ఇచ్చారు. లోపమే లేని వర్క్‌షాపును నేను నమ్మను. లోపం బయటపడ్డాక ఎలా ప్రవర్తిస్తారన్నదే చూస్తాను.

వీరి పనిలో ఒక చిన్న అతి ఉంది. 6 మిల్లీమీటర్లు అడిగిన ఫిల్లెట్‌ను మెజనైన్ దూలాలకు చాలాచోట్ల 8 మిల్లీమీటర్లు వేశారు. ఎక్కువ వేస్తే మంచిదేగా అనుకుంటారు. వెల్డు లోహం కాలు కొలత వర్గాన్నిబట్టి పెరుగుతుంది కాబట్టి 6 నుంచి 8కి వెళితే దాదాపు 78 శాతం ఎక్కువ లోహం, ఆ మేరకు ఎక్కువ వేడి. ఫలితంగా రెండు దూలాల అంచు ప్లేట్లు వంగితే వేడిచేసి సరిచేయవలసి వచ్చింది.

సైటు కథ వేరు. అక్కడికి వచ్చిన బృందం వర్క్‌షాపు బృందం కాదు, సబ్ కాంట్రాక్టు మీద తెచ్చినవారు. రాడ్డులు ఉంచే చిన్న ఓవెన్ ఉన్నమాట నిజమే, కానీ జనరేటరు నుంచి దానికి లైను ఇవ్వలేదు. చేతితో తాకితే చల్లగా ఉంది. బ్రేసింగు దగ్గర తల పైకెత్తి చేయవలసిన ఓవర్‌హెడ్ వెల్డింగును చేస్తున్న వ్యక్తి గుర్తింపు కార్డులో నిలువు వెల్డింగు వరకే అర్హత ఉంది. అతుకుల చివర్లలో క్రేటర్లు (గుంటలు) పూడ్చలేదు, కొన్నిచోట్ల అంచు వెంబడి అండర్‌కట్ (ప్లేటు కరిగి పడిన గాడి) వేలికి తగులుతోంది. పని ఆపించి చెప్పాక వర్క్‌షాపు యజమాని తన వెల్డర్లను పంపి ఆ అతుకులను గ్రైండ్ చేయించి మళ్లీ వేయించారు, అదనపు డబ్బు అడగలేదు. అయితే మేము చూడకపోతే అవి అలాగే ఉండిపోయేవి.

సైటు వెల్డింగును కోడ్ కూడా తక్కువగానే నమ్ముతుంది. ఉక్కు నిర్మాణాల కోడ్ ఐఎస్ 800:2007లో వర్క్‌షాపు వెల్డుకు భద్రతా గుణకం (లెక్కలో బలాన్ని భాగించే అంకె) 1.25 అయితే సైటు వెల్డుకు 1.50. గాలి, వాన, నిచ్చెన మీద కుదురులేని నిలబాటు, పొడవాటి కేబుళ్లలో తగ్గిపోయే కరెంటు, ఇవన్నీ ఆ అంకెల తేడాలో ఉన్నాయనుకోవాలి. కాబట్టి ఇక్కడ పని ఇచ్చేవారు డ్రాయింగు దశలోనే సైటు అతుకులను వీలైనంతవరకు బోల్టులకు మార్చుకోవడం మంచిది. మేము బ్రేసింగు అతుకులను వెల్డుగా చూపించకుండా గసెట్ ప్లేటుకు (కడ్డీలను చట్రానికి కలిపే ప్లేటుకు) బోల్టులుగా చూపించి ఉంటే ఈ తగాదాలో చాలా భాగం వచ్చేదే కాదు.

ప్రైమర్ విషయంలోనూ తొందర కనిపించింది. ఇన్‌స్పెక్షను పూర్తయి ఒప్పుకున్న తర్వాతే వెల్డు మీద పెయింటు వేయాలి. లారీ వచ్చి నిలబడిందన్న కారణంతో కొన్ని పర్లిన్ క్లీట్లకు (కప్పు రేకుల కింది పట్టీలను పట్టుకునే చిన్న ముక్కలకు) ముందే ఎర్ర ప్రైమర్ కొట్టేశారు. అడిగితే గీకి చూపించారు. వెల్డులు బాగానే ఉన్నాయి. బాగానే ఉండటం వేరు, చూడనిచ్చి పంపడం వేరు.

కాగితాల పని చక్కగా ఉంది. మిల్లు సర్టిఫికెట్లు, వెల్డర్ల అర్హత పత్రాలు, ఏ అతుకు ఎవరు వేశారో చెప్పే వెల్డ్ మ్యాపు, పరీక్షా నివేదికలు ఒకే ఫైలులో ఇచ్చారు. వెల్డ్ మ్యాపులో సైటు అతుకులు మాత్రం లేవు.

వర్క్‌షాపు పనికి అయిదుకు నాలుగున్నర, సైటు పనికి రెండు ఇస్తాను. మళ్లీ పని ఇస్తానా అంటే ఇస్తాను, కానీ ఒప్పందంలో మూడు షరతులు రాయించుకున్నాకే: సైటులోనూ వర్క్‌షాపు వెల్డర్లే పని చేయాలి, రాడ్డు ఓవెన్‌కు విద్యుత్తు ఏర్పాటు వారిదే కావాలి, చివరి వాయిదా సొమ్ము సైటు అతుకుల నివేదిక అందాకే చెల్లించాలి. మొదటి రెండింటికీ యజమాని గారు అప్పుడే సరేనన్నారు. మూడోదాని మీద బేరం ఇంకా నడుస్తోంది.