శాంటియాగో పాదయాత్ర ప్యాకేజీ కొనేవారు ముందుగా ఇది చదవండి

స్పెయిన్‌లోని శాంటియాగో దె కంపోస్తెలాలో ఉన్న పునీత యాకోబు సమాధి దర్శనానికి కుటుంబంతో కాలినడకన వెళ్లాలనుకుంటున్న మన విచారణల (పారిష్‌ల) వారందరికీ ఇది హెచ్చరిక. జూలై 25న జరిగే ఆయన పండుగ 2027లో ఆదివారం నాడు వస్తున్నందున అది అక్కడ పవిత్ర సంవత్సరం, ఆ పేరు చెప్పి ప్యాకేజీలు అంటగట్టేవారు ఇప్పటికే తిరుగుతున్నారు. ఒక ట్రావెల్ ఏజెన్సీ మాకు అమ్మిన ప్యాకేజీలో చాలా భాగం అసలు ఎవరూ అమ్మడానికి వీలులేనిది.

మేము నడక మొదలుపెట్టిన సారియా పట్టణం నుంచి శాంటియాగోకు సుమారు 115 కిలోమీటర్లు. దారిలో గలీసియా అనే ఆ ప్రాంత ప్రభుత్వం నడిపే సత్రాలలో మా అందరికీ పడకలు బుక్ చేశామని చెప్పి, ఏజెన్సీ తలకింతని వసూలు చేసి కాగితాలు చేతిలో పెట్టింది. ఆ సత్రాలలో రిజర్వేషన్ పద్ధతే లేదు. ముందు నడిచి చేరినవారికే పడక, అదీ సుమారు 10 యూరోలకు. దారిలోని పోర్తోమరీన్ అనే ఊరిలో మిన్యో నది వంతెన దాటి, నిటారుగా ఉన్న రాతిమెట్లెక్కి మేము చేరేసరికి సత్రం నిండిపోయింది. అక్కడి ఉద్యోగిని మా కాగితాన్ని రెండువైపులా తిప్పి చూసి, తమ సత్రం పేరు తప్ప అందులో తాము ఇచ్చినదేదీ లేదని చెప్పారు. మోకాళ్లు వాచిన మా అమ్మగారిని, అలసిపోయిన పిల్లలను వెంటబెట్టుకొని ఊరంతా తిరిగి, చివరికి ఒక ప్రైవేటు బసలో, మేము ఆ రాత్రికి అనుకున్న దానికి ఎన్నో రెట్లు చెల్లించవలసి వచ్చింది.

డబ్బు పోవడం కంటే ఎక్కువ బాధించినది వేరొకటి. ఏజెన్సీకి ఫోన్ చేస్తే, “అమ్మగారిని టాక్సీలో పంపించేయండి సార్, స్టాంపులు వేయించుకుంటే సర్టిఫికెట్ ఎలాగూ వస్తుంది” అన్నారు. కనీసం 100 కిలోమీటర్లు నడిచి, క్రెడెన్సియాల్ అనే యాత్రా పుస్తకంలో రోజుకు రెండు ముద్రలు వేయించుకున్న పాదయాత్రికులకే కంపోస్తెలా అనే ఆ యాత్రా ధ్రువపత్రం ఇస్తారు. అబద్ధపు ముద్రలతో పునీతుని సన్నిధికి వెళ్లమనే సలహా తీర్థయాత్రలు నడిపేవారి నోట రావడం క్షమించరానిది. అమ్మగారు ఒప్పుకోలేదు, మజిలీలు చిన్నవి చేసుకొని మొత్తం నడిచారు. ఆ పత్రాన్ని యాత్రికుల కార్యాలయంలో ఉచితంగా ఇస్తారు, ఏజెన్సీ మాత్రం దానికీ ఫీజు తీసుకుంది. శాంటియాగో కథీడ్రల్‌లో బోతాఫుమేరో అనే పెద్ద ధూపకలశాన్ని ఊపడం తప్పక చూపిస్తామన్నారు గానీ, దానిని ప్రతి దివ్యబలిపూజలోనూ ఊపరు.

కాబట్టి అడ్వాన్సు ఇచ్చేముందు ప్రతి రాత్రి బస చేసే చోటు పేరు రాయించుకొని, మీరే ఆ బసకు నేరుగా ఈమెయిల్ పంపి నిర్ధారించుకోండి. ప్రైవేటు సత్రాలలో చాలావాటిని ముందుగా బుక్ చేసుకోవచ్చు. స్పెయిన్ వెళ్లడానికి కావలసిన షెంగెన్ వీసా రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45, అంతకంటే చిన్నవారికి ఏమీ లేదు. ప్యాకేజీ ధరలో దీనిని విడిగా చూపమని అడగండి. ఇప్పటికే డబ్బు కట్టినవారు రసీదులు, వాట్సాప్ సందేశాలు చెరపకుండా ఉంచుకొని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఏజెన్సీ ఎక్కడ ఉన్నా, మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. మేము ఆ కాగితాలను జతచేసి మా ఫిర్యాదును సిద్ధం చేస్తున్నాము.