ఐదు గంటల పనికి ఎనిమిది గంటల రోడ్డు

కొండ మీద బడి గది కడుతున్నారు, ప్లింత్ బీమ్ (పునాది మీద, గోడల కింద పోసే కాంక్రీటు దూలం) వేసే రోజు మనుషులు కావాలి అన్నారు. నలుగురం అద్దె జీపు మాట్లాడుకుని తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాం.

మొదటి 110 కిలోమీటర్లు రెండు గంటల్లోపే అయిపోయాయి. మలుపు దగ్గరున్న బంకే ఆఖరిది. అక్కడ ట్యాంకు నింపుకోండి, బాత్రూమ్ కూడా అక్కడే చూసుకోండి, శుభ్రంగానే ఉంది. ఆ తర్వాత 38 కిలోమీటర్ల కంకర దారికి రెండు గంటలు పట్టింది. సిగ్నల్ లేదు, మ్యాప్ ముందే దింపుకున్నాం కాబట్టి బతికిపోయాం. సగం దారిలో పంక్చర్. స్టెప్నీ తీస్తే అందులో గాలి లేదు! బండి మంచిదే, ఇచ్చినవాళ్లకే శ్రద్ధ లేదు. మా సంచిలో చేతి పంపు లేకపోతే మధ్యాహ్నం దాకా అక్కడే. బండి తీసుకునేటప్పుడే స్టెప్నీని నొక్కి చూడటం ఇప్పుడు నాకు అలవాటైంది.

వెళ్లగానే మేస్త్రీ బూట్లు, రబ్బరు గ్లవ్స్ ఇచ్చాడు. తడి సిమెంటులో క్షారం ఉంటుంది, చర్మాన్ని కాల్చేస్తుంది. మావాడొకడు వినకుండా ప్యాంటుతోనే మాలులో మోకాళ్ల మీద కూర్చున్నాడు. సాయంత్రానికి మోకాళ్లు ఎర్రగా కమిలిపోయాయి. మిక్సర్ లేదు, అంతా పారలతోనే. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర ఇసుక, మూడు కంకర. నీళ్లు కలిపాక అరగంటలోపు పోసెయ్యాలని మేస్త్రీ తొందర, అందుకే అన్ని చేతులు కావాలన్నాడు. 50 కిలోల బస్తాకు 25 లీటర్ల నీళ్లు అతని లెక్క. రాత్రి వానకి ఇసుక తడిసి ఉందని అందులోనూ తగ్గించాడు. పార తేలిగ్గా ఆడుతుందని నేను ఇంకో అర బకెట్టు పోయబోతే చెయ్యి పట్టుకున్నాడు. "నీ నడుం సంగతి చూసుకుంటున్నావు బాబూ, బీమ్ సంగతో?"

నిజం చెప్పాలంటే మా నలుగురి కంటే మా జీపే ఎక్కువ ఉపయోగపడింది. మేం తెచ్చిన బైండింగ్ వైరు (ఇనుప చువ్వలు కట్టే తీగ), రెండు తట్టలు, డ్రమ్ము అక్కడ దొరికేవి కావు. ఖాళీ చేతులతో వెళ్లేవాళ్లు ముందే ఫోన్ చేసి ఏం తేవాలో అడగండి.

ఉండటానికి రేకుల షెడ్డు ఉంది. మంచాలు, దోమతెరలు బాగానే ఉన్నాయి, బాత్రూమ్ మాత్రం చాలా దూరం. రాత్రి టార్చి లేకుండా కుదరదు. ఉండిపొమ్మన్నారు కానీ, రెండున్నరకల్లా దిగిపోయాం. చీకటి పడితే ఆ కంకర దారి మా వల్ల కాదు. దిగేటప్పుడు సెకండ్ గేర్‌లోనే రావాలి, బ్రేకుల మీదే ఆధారపడితే వాసన వస్తుంది. మాకు వచ్చింది కూడా.

మర్నాటి నుంచి కనీసం ఏడు రోజులు బీమ్‌కి నీళ్లు పట్టాలి. అక్కడ అసలు మనుషులు కరువైన పని అదే. ఈసారి సెలవు పెట్టి, మంచి టార్చి కొనుక్కుని, ఆ షెడ్డులోనే మూడు రాత్రులు ఉంటాను.