నా ఎత్తులో 3 సెంటీమీటర్లు కొట్టేశారు: బరువు తగ్గే ఆపరేషన్‌కి అడ్వాన్స్ కట్టేవాళ్లు జాగ్రత్త

60,000 కట్టాను. ఈరోజు మధ్యాహ్నం 12,500 వెనక్కి వచ్చాయి. మిగతా 47,500 ఎటుపోయాయో లెక్క రాసి ఒక కాగితం చేతిలో పెట్టారు. ఆ కాగితం చూసిన ప్రతిసారీ ఒళ్లు మండిపోతోంది. టెస్టులకి 19,500. సరే, రక్తం ఇచ్చాను, స్కానింగ్ చేయించుకున్నాను, ఒప్పుకుంటాను. డైటీషియన్‌కి 5,000. ఆ అమ్మాయి నాతో గడిపింది పది నిమిషాలు, అందులో మూడు నిమిషాలు ఫోన్లో ఇంకెవరితోనో మాట్లాడింది. ‘స్లాట్ బ్లాకింగ్’ 15,000, అంటే జరగని ఆపరేషన్‌కి థియేటర్ ఖాళీగా ఉంచినందుకు. ‘కౌన్సెలింగ్’ 8,000. నన్ను ముంచడానికి అయిన కూలీ కూడా నా దగ్గరే వసూలు చేశారన్నమాట.

ఆస్పత్రి పేరు రాయొద్దని మా ఆయన గట్టిగా చెప్పాడు, నోటీసులు పంపిస్తారట. రాయక్కర్లేదులెండి. ఫోన్లో ఒక్కసారి ‘బరువు’ అని వెతికిన వాళ్లందరికీ వాళ్లు కనబడే ఉంటారు. పాత ప్యాంటు ఒక్క కాలులో మనిషంతా దూరి, నడుము దగ్గర బట్ట లాగి చూపిస్తూ నవ్వే రీల్స్. వాళ్లే.

నా సంగతి త్వరగా చెప్పేస్తాను. వయసు 43. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 94 కిలోలు. ఆరేళ్లుగా షుగర్, మాత్రలతో అదుపులోనే ఉంది. రెండంతస్తులు ఎక్కితే మోకాళ్లు పట్టేస్తాయి. నా గురకకి తట్టుకోలేక మా ఆయన హాల్లో పడుకుంటాడు. కొబ్బరినూనె తాగే డైట్ చేశాను, కొర్రలు, సామలు వండుకుని తిన్నాను, జిమ్ముకి ఏడాది డబ్బులు కట్టి పదకొండు రోజులు వెళ్లాను. తగ్గిన ప్రతిసారీ వడ్డీతో సహా తిరిగొచ్చింది. నోరు కట్టుకుంటే సరిపోతుందిగా అనేవాళ్లకి ఒక దండం. ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అని ఏడాదిన్నరగా తేల్చుకోలేక చచ్చాను. చివరికి ఒక శనివారం మా చెల్లిని వెంటబెట్టుకుని వెళ్లాను.

డాక్టర్ని చూడ్డానికి వెళ్తే ముందు కౌన్సెలర్ దగ్గర కూర్చోబెట్టారు. ఏసీ గది, ఫిల్టర్ కాఫీ, టేబుల్ మీద మైనపు రంగులో ప్లాస్టిక్ పొట్ట బొమ్మ. ఆవిడ ఎంత తీయగా మాట్లాడిందంటే, అత్తారింటికి వెళ్లిన కొత్తలో కూడా నాతో ఎవరూ అలా మాట్లాడలేదు. స్లీవ్ ఆపరేషన్ (పొట్టలో చాలా భాగం కోసి తీసేసేది) ప్యాకేజీ 3,25,000, ఈ నెలాఖరు దాకే ఈ రేటు అంది. ఇన్సూరెన్స్ ఉందా అని అడిగింది. ఉందమ్మా, కంపెనీ పాలసీ అన్నాను. "అయితే మీ చేతి నుంచి దాదాపు ఏమీ పడదు మేడమ్" అంది.

ఒక నర్సు అమ్మాయి వచ్చి నన్ను గోడకి నిలబెట్టి కొలిచింది. "వన్ ఫిఫ్టీ ఎయిట్" అని గట్టిగానే చెప్పింది. తర్వాత బరువు చూశారు, 94. కౌన్సెలర్ కాలిక్యులేటర్ నొక్కింది. బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క, 37.7. మొహం కొంచెం చిన్నబోయింది. "కొద్దిగా తక్కువుంది మేడమ్, అయినా చూద్దాం" అంది.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నా బరువు తక్కువుందన్న మనిషి ఆవిడొక్కతే. అక్కడే లేచి వచ్చేయాల్సింది. రాలేదు. పైగా, తక్కువుందన్నందుకు లోపల ఎక్కడో మురిసిపోయాను కూడా. నా మొహానికి.

సర్జన్ గారు నాకిచ్చింది నాలుగు నిమిషాలు, మా చెల్లి గడియారం చూసింది. చీటీ మీద పొట్ట బొమ్మ గీశారు, ముప్పావు వంతు పైగా అడ్డంగా కొట్టేశారు, మిగిలింది అరటిపండంత ఉంటుందన్నారు. రాత్రిళ్లు పుల్లటి నీళ్లు గొంతులోకి వస్తాయి సార్, రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుని పడుకుంటాను అని చెప్పాను. "చూద్దాం" అన్నారు. అక్కడ అందరూ చూద్దాం అనేవాళ్లే, చూసిన వాళ్లెవరూ లేరు.

బయటికొచ్చి కార్డు గీకాను. ఫారాలు ముందు పెట్టారు, ఇక్కడ, ఇక్కడ, ఇంకా ఇక్కడ అని వేలితో చూపించారు. సంతకాలు చేశాను. సగం గళ్లు ఖాళీగానే ఉన్నాయి. మేం నింపుకుంటాం మేడమ్, మీకెందుకు టెన్షన్ అన్నారు. మా అబ్బాయి స్కూల్ ఫీజు రసీదు నాలుగుసార్లు చదివే మనిషిని, పొట్ట కోయించుకునే కాగితం చదవకుండా సంతకం పెట్టాను. గొర్రె కసాయివాణ్నే నమ్ముతుందని ఊరికే అనలేదు.

ఐదో రోజు ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ నుంచి మెయిల్ వచ్చింది. మా ఆఫీసు వాళ్లు ఏటా చేయించే హెల్త్ చెకప్‌లో మీ ఎత్తు 158 అని ఉంది, ఆస్పత్రి పంపిన ఫారంలో 155 అని ఉంది, వివరణ ఇవ్వండి అని. తొందరలో ఎవరో తప్పు కొట్టుంటారు అనుకున్నాను. ఆ ఫారం తెరిచి చూస్తే బరువు గడిలో 97 ఉంది. బీఎంఐ గడిలో 40.4. కింద నా సంతకం, గుండ్రంగా, ముద్దుగా.

మర్నాడు పర్మిషన్ పెట్టి వెళ్లాను. అదే గది, కాఫీ మాత్రం లేదు. ఆ ఫారం ఫోన్లో చూపించి ఇదేంటండీ అన్నాను. కౌన్సెలర్ అసలు కంగారే పడలేదు. "మీ మంచికే మేడమ్. 40 లేకపోతే ఇన్సూరెన్స్ పాసవదు" అంది. అదేదో కూరలో ఉప్పు సరిచేసినట్టు చెప్పింది. నాకు చెప్పకుండా ఎలా రాస్తారు, మళ్లీ కొలవండి నా ముందు అన్నాను. గొంతు పెరిగింది, బయట కూర్చున్న వాళ్లు చూస్తున్నారు. సరే అని అదే నర్సు అమ్మాయిని పిలిచింది. చెప్పులు విప్పి మడమలు గోడకి ఆనించి నిలబడ్డాను. నెత్తి మీదికి ఆ చెక్క బద్ద దిగింది.

ఆ అమ్మాయి స్కేలు వైపు చూడలేదు. ఆవిడ మొహం వైపు చూసింది.

ఆ ఒక్క చూపు ఇప్పటికీ నా కళ్లముందు నుంచి పోవడం లేదు. ఇరవై రెండేళ్లుంటాయేమో ఆ పిల్లకి. శనివారం గట్టిగా 158 అని చెప్పిన నోరే. ఇప్పుడు ఎంతని చెప్పాలో ఆవిడ కళ్లలో వెతుక్కుంటోంది. అంటే నా ఒక్కదానికే కాదు, ఎంతమందికి ఇలా పొట్టి చేసి, లావు చేసి రాశారో. నేనే మెడ తిప్పి చూశాను, 158. అప్పుడు కౌన్సెలర్ నవ్వింది చూడండి. "మూడు సెంటీమీటర్లకే ఇంత గొడవా మేడమ్? మీరు తగ్గాల్సింది ముప్పై కిలోలు కదా" అంది. బయట ఎవరో కిసుక్కుమన్నారు. నాకు నోట మాట రాలేదు. ఇంటికొచ్చాక స్నానాల గదిలో తలుపేసుకుని ఎన్ని జవాబులు చెప్పానో. అక్కడ మాత్రం చెప్పులు వేసుకుని, నా డబ్బులు ఇచ్చేయండి అని మాత్రం అనగలిగాను. చెప్పు ఒకటి తిరగబడితే వంగి సరిచేసుకోవాల్సి వచ్చింది, అది కూడా వాళ్ల ముందే.

40 అంకె మీద అంత ప్రేమ ఎందుకో తర్వాత పాలసీ చదివితే తెలిసింది. 2019లో ఇన్సూరెన్స్ కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ పెట్టిన నిబంధన అది. 18 ఏళ్లు నిండాలి, డాక్టర్ సలహా ఉండాలి, బీఎంఐ 40 గానీ ఆ పైన గానీ ఉండాలి. లేదా 35 గానీ ఆ పైన గానీ ఉండి, మిగతా పద్ధతులు విఫలమై, దాంతోపాటు గుండెజబ్బు, అదుపులో లేని టైప్ 2 షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) లాంటిది ఉండాలి. నా షుగర్ అదుపులో ఉంది. అంటే మాత్రలు క్రమం తప్పకుండా వేసుకోవడమే నేను చేసిన పాపం.

ఇప్పుడు అసలు మంట ఎక్కడో చెప్తాను. క్లెయిమ్ తిరస్కరించారు, వివరాల్లో తేడాలున్నాయని కారణం రాశారు. ఆ మాట నా పేరు మీదే పడింది, వాళ్ల పేరు మీద కాదు. రేపు ఏ అపెండిక్స్‌కో క్లెయిమ్ పెట్టినా ఈ ఫైలు తీస్తారేమోనని భయంగా ఉంది. నాకు తెలియకుండా రాశారని టీపీఏకి ఉత్తరం పంపాను, 158 చూపించే పాత రిపోర్టులన్నీ జతచేశాను.

తర్వాత వేరే చోట ఇంకో సర్జన్ దగ్గరికి వెళ్లాను. 800 ఫీజు, అరగంట కూర్చోబెట్టి మాట్లాడారు. పుల్లటి నీళ్ల సంగతి చెప్పగానే పెన్ను కింద పెట్టి ఎండోస్కోపీ చేశారా అని అడిగారు. 19,500 టెస్టుల్లో అదొక్కటే లేదు. చేయిస్తే హయాటస్ హెర్నియా బయటపడింది, అంటే పొట్ట పైభాగం ఛాతీలోకి జరగడం. ఇది ఉన్నవాళ్లకి స్లీవ్ చేస్తే ఎసిడిటీ ఇంకా ముదిరే ప్రమాదం ఉంది, చేస్తే పొట్టని చిన్నది చేసి పేగుకి కలిపే బైపాస్ గురించి ఆలోచించాలి, పైగా స్లీవ్‌లో కోసి తీసేసింది మళ్లీ పెట్టలేం అన్నారు. ఏది చేసినా బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిన్ జీవితాంతం చూసుకోవాలట. ఆ కాఫీ గదిలో ఈ ముక్క ఒక్కరూ అనలేదు. బరువు తగ్గడానికి వాడే మౌంజారో ఇంజక్షన్ గురించి అడిగాను, 2025 మార్చి నుంచి మన దగ్గర దొరుకుతోందిగా. అదీ ఒక దారే, కానీ ఆపేస్తే చాలామందికి బరువు తిరిగి వస్తుందని చెప్పారు. నాకు ఏదీ అమ్మే ప్రయత్నం చేయలేదు, అలవాటు తప్పిపోయి అదే అనుమానంగా అనిపించింది.

ఆఖర్న ఆయన అడిగిన ప్రశ్న, గురక వస్తుందా అని. మా ఆయన వెంటనే చెయ్యెత్తాడు. అయితే స్లీప్ స్టడీ చేయిద్దాం, తీవ్రమైన ఆప్నియా అని తేలితే మీ 37.7 తోనే ఇన్సూరెన్స్‌కి అడగొచ్చు అన్నారు. వింటున్నారా? ఒక్క రాత్రి టెస్టు చేయిస్తే నిజం చెప్పే దారి ఉండేదేమో. వాళ్లకి అంత ఓపిక లేదు. నన్ను కురచ చేయడమే తేలిక.

ఆపరేషన్ మంచిది కాదని నేను అనడం లేదు. మా ఆఫీసులో ఒకావిడ చేయించుకుని నాలుగేళ్లయింది, హాయిగా ఉంది. నేనింకా తేల్చుకోలేదు. స్లీప్ స్టడీ వచ్చే వారం.

ఆ కౌన్సెలర్ దగ్గర్నుంచి నిన్న వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. నెలాఖరు ఆఫర్ పదో తారీఖు దాకా పొడిగించారట, పక్కన రెండు బెలూన్లు.

వెళ్లేవాళ్లు ఇంట్లోనే ఎత్తు, బరువు చూసుకుని రాసుకుని వెళ్లండి. ఖాళీ గళ్లున్న కాగితం మీద సంతకం పెట్టకండి. ఎసిడిటీ ఉంటే ఎండోస్కోపీ కాకుండా ఒక్క రూపాయి కూడా కట్టకండి. కట్టిన డబ్బులో ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాయించుకోండి, నోటిమాట పనికిరాదు. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను, దాంతో కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల లోపు కేసుకి అక్కడ ఫీజు లేదు. ఈ ప్యాంటు రీల్స్ వాళ్ల దగ్గరే ఎవరైనా ఇప్పటికే ఇన్సూరెన్స్‌కి పెట్టించుకుని ఉంటే, ఆ ఫారం కాపీ టీపీఏ దగ్గర తెప్పించుకుని ఎత్తు గడి ఒకసారి చూసుకోండి.