యూట్యూబ్, బ్యానర్ యాడ్‌లు: నల్గొండ, పాలమూరు షాపులకు ఏది గిట్టుబాటు?

నల్గొండ, మిర్యాలగూడ, పాలమూరు, గద్వాల వైపు షాపులకు గూగుల్ యాడ్స్‌లో వీడియో యాడ్‌లు, బ్యానర్ (వెబ్‌సైట్లు, యాప్‌లలో బొమ్మగా వచ్చే) యాడ్‌లు చాలాకాలంగా నడిపిస్తున్న అనుభవంతో రాస్తున్న సమీక్ష ఇది. బట్టల దుకాణాలు, డయాగ్నస్టిక్ సెంటర్లు, కాలేజీ అడ్మిషన్లు, ప్లాట్ల వెంచర్లు. షాపు ఏదైనా ఓనర్ మొదట అడిగేది "వెయ్యి మందికి చూపిస్తే ఎంత?" అనే. చూసేవాళ్లు ఏం చేసినప్పుడు మన డబ్బు కట్ అవుతుందో ముందు తెలుసుకోవాలి. ఆ క్షణం ఒక్కో రకం యాడ్‌కు ఒక్కోలా ఉంటుంది.

మా అనుభవంలో చిన్న బడ్జెట్‌కు అన్నింటికంటే గిట్టుబాటయ్యేది యూట్యూబ్‌లో 5 సెకన్ల తర్వాత స్కిప్ చేయగలిగే యాడ్. వ్యూకు ఇంత అని చెల్లించే పద్ధతి (సీపీవీ) పెట్టుకుంటే, చూసేవాళ్లు 30 సెకన్లు చూసినా, యాడ్ మీద నొక్కినా, ఏది ముందైతే అప్పుడే డబ్బు పడుతుంది. యాడ్ 30 సెకన్ల కంటే చిన్నదైతే అది పూర్తయిన చోటే పడుతుంది. అంటే 15 సెకన్ల యాడ్‌కు 15వ సెకనులోనే కట్ అవుతుంది, 40 సెకన్ల యాడ్‌ను 25 సెకన్లు చూసి వెళ్లిపోయినవాళ్లకు పైసా పడదు. అందుకే స్కిప్ యాడ్‌ను 30 సెకన్లు దాటేలా, 35 నుంచి 40 మధ్య తీయించమని చెప్తాం. షాపు పేరు, ఊరు, సెంటర్ పేరు మొదటి 5 సెకన్లలోనే మాటగానూ అక్షరాలుగానూ రావాలి. స్కిప్ కొట్టేవాళ్లంతా ఆ ముక్కను ఉచితంగా చూసినట్టే. లోగో తిరుగుతూ వచ్చే ఇంట్రో పెట్టిన షాపులు ఆ ఉచిత సమయాన్నే పోగొట్టుకుంటున్నాయి. ఆఫర్, ఫోన్ నంబర్ 25వ సెకను లోపు వచ్చేయాలి.

లెక్క కోసం వ్యూకు 40 పైసలు పడిందనుకుందాం. వెయ్యిసార్లు చూపిస్తే 250 మంది 30 సెకన్లు ఆగారనుకుంటే ఖర్చు 100 రూపాయలు. మిగతా 750 సార్లు షాపు పేరు ఉచితంగా కనబడింది. పక్కన 6 సెకన్ల బంపర్ యాడ్ వెయ్యికి 60 రూపాయలకే దొరికితే అదే చవకనిపిస్తుంది. కానీ అందులో ప్రతి ప్రదర్శనకూ డబ్బు పడుతుంది, 6 సెకన్లలో ఆఫర్ వివరం చెప్పలేం. కొత్త షాపు ఓపెనింగ్‌కు వారం రోజులు పేరు మోగించాలంటే బంపర్ బాగా పనిచేస్తుంది. ఒక మనిషికి రోజుకు ఎన్నిసార్లు చూపాలో పరిమితి మాత్రం పెట్టండి, లేకపోతే అదే ఫోన్‌లో పదేపదే తిరిగి చిరాకు తెప్పిస్తుంది. స్కిప్ లేని 15 సెకన్ల యాడ్‌కూ వెయ్యి ప్రదర్శనల లెక్కే. ఖర్చు ఎక్కువ, జిల్లా షాపులకు దాని అవసరం మాకెప్పుడూ కనిపించలేదు. యూట్యూబ్ హోం పైభాగాన వచ్చే మాస్ట్‌హెడ్ ముందే బుక్ చేసుకునే పెద్ద కంపెనీల వ్యవహారం.

సెర్చ్ ఫలితాల్లో, హోం పేజీలో వీడియోలా కనిపించే ఇన్‌ఫీడ్ యాడ్‌కు థంబ్‌నెయిల్ నొక్కితే డబ్బు పడుతుంది, లేదా దానంతటదే ప్లే అయి 10 సెకన్లు చూసినా పడుతుంది. కాలేజీలకు, ఆసుపత్రులకు ఇది నప్పుతుంది. అడ్డంగా తీసిన వీడియో ఒక్కటే ఇస్తే షార్ట్స్‌లో చిన్నగా కనబడుతుంది, కాబట్టి నిలువుగా ఇంకొకటి తీయించుకోండి.

మా వైపు డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది పిల్లల చానళ్లలో. అమ్మానాన్నల ఫోన్‌లో రైమ్స్ చూసే పిల్లలు స్కిప్ నొక్కరు, 30 సెకన్లూ గడిచిపోతాయి, వ్యూ పడుతుంది. రిపోర్ట్‌లో వ్యూలు బ్రహ్మాండంగా ఉండి షాపుకు ఒక్క కాల్ కూడా రాకపోతే ముందు యాడ్ ఎక్కడెక్కడ వచ్చిందో చూపే పట్టిక తెరవండి. కార్టూన్, రైమ్స్ చానళ్లను మినహాయింపు జాబితాలో చేర్చండి. మొదలుపెట్టిన మూడో రోజు ఒకసారి, తర్వాత వారానికోసారి ఈ పని తప్పదు.

బ్యానర్ యాడ్‌లలో ఇదే జబ్బు మొబైల్ గేమ్‌ల రూపంలో వస్తుంది. ఆటలో వేలు తగిలి పడిన క్లిక్‌కూ డబ్బు పోతుంది. అనుమానాస్పద క్లిక్‌లను గూగుల్ వడపోసి డబ్బు వెనక్కి జమ చేస్తుంది కానీ, పొరపాటున తగిలినవన్నీ అందులో దొరకవు. యాప్ కేటగిరీలు అన్నింటినీ మినహాయించాక క్లిక్‌లు బాగా తగ్గుతాయి, కంగారుపడొద్దు. కనబడిన వెయ్యికి చెల్లించే పద్ధతిలో యాడ్‌లో సగభాగం కనీసం ఒక సెకను తెర మీద ఉంటేనే లెక్క. ఒక సెకను అంటే వేలితో పైకి జరుపుతుండగా మెరిసిపోయేంతే. కొత్త గిరాకీకి బ్యానర్లను మేం నమ్మం. ఒకసారి వెబ్‌సైట్‌కు వచ్చినవాళ్లకు మళ్లీ గుర్తుచేయడానికైతే బాగుంటాయి.

బొమ్మలు మీరే చేయిస్తే 300×250, 320×100, 728×90 సైజులు ముందు చేయించండి, ఒక్కోటి 150 కేబీ దాటకూడదు. 320×50 పట్టీలో తెలుగు వత్తులు చదవడం కష్టం. రెస్పాన్సివ్ యాడ్‌లో (బొమ్మలు, మాటలు మనం ఇస్తే చోటుకు తగ్గట్టు గూగులే అమర్చేది) చిన్న హెడ్‌లైన్‌కు 30 అక్షరాలే. గుణింతాలు, వత్తులు, సున్నా విడివిడిగా లెక్కకొస్తాయి. 'నల్గొండ' చూడడానికి మూడక్షరాలే, అక్కడ ఏడు. ఊరి పేరు, సరుకు పేరు రాసేసరికి చోటు అయిపోతుంది.

లొకేషన్‌లో గూగుల్ తానుగా పెట్టే ఆప్షన్‌లో ఆ ఊరిమీద ఆసక్తి చూపినవాళ్లు కూడా ఉంటారు. దాన్ని అక్కడ ఉన్నవాళ్లకు మాత్రమే అని మార్చండి. షాపు నుంచి చుట్టూ దూరం మరీ తక్కువగా, నాలుగైదు కిలోమీటర్లు పెడితే యాడ్ సరిగా తిరగదు. మొబైల్ డేటాలో ఉన్న ఫోన్ ఒక్కోసారి వేరే ఊరిలో ఉన్నట్టు నమోదవుతుంది. పాలమూరు షాపుకు జడ్చర్ల, భూత్పూర్, దేవరకద్ర కలిసేలా 25 కిలోమీటర్లు బాగా కుదురుతుంది. భాష తెలుగు ఒక్కటే పెట్టొద్దు. ఇంట్లో తెలుగే మాట్లాడినా ఫోన్ సెట్టింగ్ ఇంగ్లిష్‌లో ఉండేవాళ్లు ఎక్కువ. తెలుగు, ఇంగ్లిష్, ఉర్దూ, హిందీ నాలుగూ పెట్టండి.

ధర స్థిరంగా ఉండదు, ప్రతిసారీ వేలమే. బతుకమ్మ, దసరా రోజుల్లో ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీలు కూడా పోటీపడతాయి కాబట్టి అదే డబ్బుకు తక్కువ వ్యూలు వస్తాయి. బట్టల షాపులు పండుగకు మూడు వారాల ముందే మొదలుపెట్టడం మేలు. రోజుకు 300 పెడితే ఒక్కోరోజు 600 దాకా ఖర్చవ్వొచ్చు, నెలకు 9,120 దాటదు. ఐదారు రోజుల ఆఫర్‌కు ఈ నెలవారీ సర్దుబాటు అక్కరకు రాదు, వీడియో క్యాంపెయిన్‌కు మొత్తం బడ్జెట్, ముగింపు తేదీ పెట్టేయండి.

ముందుగా డబ్బు వేసే ఖాతాల్లో 18 శాతం జీఎస్టీ అందులోంచే పోతుంది. 5,000 వేస్తే యాడ్‌లకు మిగిలేది 4,237 రూపాయల చిల్లర. ఖాతాలో జీఎస్టీ నంబర్ ఎక్కించిన షాపు ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, అంటే తాను కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు. కాంపోజిషన్ స్కీంలో (అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవాళ్లకు అది రాదు కాబట్టి, ఏజెన్సీ చెప్పే వ్యూ ధర జీఎస్టీ కలిపిందా కలపనిదా ముందే అడిగి బిల్లు మీద రాయించుకోండి.