అరగంట తీరికలో ఏ గేమ్ మేలు: హేడిసా, బలాట్రోనా, స్టార్డ్యూ వ్యాలీనా?

ఉద్యోగం, వంట, పిల్లల హోంవర్క్ అన్నీ అయ్యాక రాత్రి మిగిలేది మహా అయితే అరగంట, ముప్పావుగంట. ఆ కాస్త టైమ్‌లో గేమ్ ఆడాలనుకునేవాళ్లు సాధారణంగా అడిగేది, 'ఈ గేమ్ మొత్తం ఎన్ని గంటలు పడుతుంది?' అని. అంతకంటే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలని నా అభిప్రాయం. మధ్యలో ఆపేస్తే ఏం పోతుంది? వారం తర్వాత మళ్లీ తెరిస్తే ఎక్కడున్నామో తెలుస్తుందా? ఈమధ్య ఆడుతున్న మూడు గేములను ఈ రెండు ప్రశ్నల మీదే పోల్చి చూస్తున్నాను. మూడూ నాకు బాగా నచ్చినవే.

స్టార్డ్యూ వ్యాలీ 2016లో వచ్చింది. బొమ్మలు, సంగీతం, కోడ్, సంభాషణలు అన్నీ ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని చేశాడు. ఇప్పటికి 4 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. తాత వదిలి వెళ్లిన పాడుబడ్డ పొలానికి చేరుకుని, రాళ్లూ కలుపూ ఏరి, విత్తనాలు వేసి, నీళ్లు పోసి, ఊరివాళ్లతో స్నేహం చేసుకోవడమే ఆట. దీన్ని చాలామంది ప్రశాంతమైన గేమ్ అంటారు. నాకు మాత్రం పనిరోజుల్లో ఇదే అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెడుతుంది.

దానికి కారణం గడియారం. గేమ్‌లో పది నిమిషాలు గడవడానికి మన లెక్కలో 7 సెకన్లు చాలు. ఉదయం 6 నుంచి అర్ధరాత్రి దాటి 2 వరకు ఒక రోజు, అంటే మనకు 14 నిమిషాలు. కంప్యూటర్‌లోనూ కన్సోల్‌లోనూ ఆట సేవ్ అయ్యేది మన పాత్ర పడుకున్నప్పుడే. గనిలో చాలా లోతుకి దిగి, సంచి నిండా ఖనిజం పోగేసుకున్నాక పక్క గదిలో పాప లేచిందంటే, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినట్టే ఉంటుంది మనసు. మెనూ తెరిస్తే కాలం ఆగుతుంది, నిజమే. కానీ గేమ్ మూసేయాల్సి వస్తే ఆ రోజు చేసిందంతా పోతుంది.

రెండో ప్రశ్న దగ్గర కూడా ఇది కష్టమే. ఒక్కో ఋతువుకి 28 రోజులు. ఋతువు మారగానే దానికి చెందిన పంటలు ఎండిపోతాయి. కాలీఫ్లవర్ చేతికి రావడానికి 12 రోజులు పడుతుంది కాబట్టి ఎప్పుడు నాటామో, ఇంకెన్ని రోజులున్నాయో లెక్క ఉండాలి. వారం గ్యాప్ వస్తే ఆ లెక్కా పోతుంది, ఎవరికి ఏం తెచ్చిస్తామన్నామో కూడా మర్చిపోతాం. నాలుగు ఋతువులు కలిపి 112 రోజులు. రోజులన్నీ పూర్తిగా ఆడితే సుమారు 26 గంటలు. రాత్రికి అరగంట చొప్పున గేమ్‌లో ఒక్క ఏడాది గడవడానికి ఏడు వారాలు దాటుతుంది. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు ఖాళీ దొరికితే మాత్రం నేను మొదట తెరిచేది ఇదే. తొందర లేనప్పుడు ఆ ఊరు నిజంగా చాలా అందంగా ఉంటుంది.

బలాట్రో సంగతి వేరు. 2024 ఫిబ్రవరిలో వచ్చింది. చేసినాయన కెనడావాడు, లోకల్‌థంక్ అనే మారుపేరుతోనే ఉంటాడు. పునాది పోకర్: జత, మూడు ఒకేరకం ముక్కలు, వరుస, అయిదూ ఒకే గుర్తు (అన్నీ ఇస్పేట్లే అన్నట్టు). పోకర్ తెలియకపోయినా రమ్మీ అలవాటున్నవాళ్లు పది నిమిషాల్లో పట్టేస్తారు. ఒక చిన్న లెక్క చెబితే దీని రుచి తెలుస్తుంది. రాజుల జత వేస్తే జతకి 10, రెండు రాజులకి ఇరవై, మొత్తం 30. దాన్ని రెండుతో గుణిస్తే 60. మొదటి రౌండ్ దాటడానికి 300 కావాలి, ముక్కలు వేసే అవకాశాలు నాలుగే. అంటే నాలుగుసార్లూ రాజుల జతే పడినా 240 దగ్గర ఆగిపోతాం. రౌండ్ల మధ్య కొనుక్కునే జోకర్లు, అంటే లెక్కను పెంచే ప్రత్యేక ముక్కలు, పనికొచ్చేది ఇలాంటప్పుడే. అన్నిటికన్నా మామూలు జోకర్ ఒకటి కొనుక్కుంటే ఆ రెండు కాస్తా ఆరు అవుతుంది, అదే జత 180 తెస్తుంది. ఇలాంటి జోకర్లు 150 రకాలు. మామూలుగా ఒకసారికి అయిదే పెట్టుకోగలం. ఏ అయిదు కలిస్తే లెక్క ఎక్కడికో వెళ్లిపోతుందో కనిపెట్టడమే ఆటంతా.

నా రెండు ప్రశ్నలకూ బలాట్రో చక్కగా జవాబు చెబుతుంది. ఎప్పుడు మూసినా నష్టం లేదు, తిరిగి తెరిస్తే కావలసినవన్నీ తెర మీదే ఉంటాయి. అయినా రాత్రిపూటకి దీన్ని మొదటి స్థానంలో పెట్టను. ఓడిన మరుక్షణం కొత్త ఆట మొదలవుతుంది, ఓటమికి కారణం కూడా స్పష్టంగా కనిపిస్తుంది. 'ఆ జోకర్ అమ్మకుండా ఉంటే గెలిచేదాన్ని' అనిపించాక ఆపడం చాలా కష్టం. పొద్దున్నే లేవాల్సినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

పేకముక్కలు చూసి ఇంట్లో పెద్దవాళ్లు కంగారుపడితే వాళ్లకి ఒక మాట చెప్పొచ్చు. ఇందులో నిజమైన డబ్బు పందెం లేదు, ఉన్నవి పాయింట్లూ ఆటలోని ఉత్తుత్తి డబ్బూ మాత్రమే. యూరప్‌లో వయసు రేటింగ్ ఇచ్చే పెగీ సంస్థ 2024లో 18 ఏళ్లు దాటినవాళ్లకే అంది, 2025లో దాన్ని 12కి తగ్గించింది.

ఇక హేడిస్. సూపర్‌జయంట్ గేమ్స్ వాళ్లది, 2020 సెప్టెంబర్‌లో పూర్తిగా విడుదలైంది. గ్రీకు పురాణాల్లోని పాతాళరాజు కొడుకు జాగ్రియస్ ఇంట్లోంచి పారిపోవాలని చూస్తుంటాడు. టార్టరస్, ఆస్ఫొడెల్, ఎలీసియమ్, చివరికి స్టిక్స్ గుడి: ఈ నాలుగూ దాటాలి. మొత్తం ప్రయాణం అటూ ఇటూగా అరగంట. మధ్యలో మూసేస్తే అప్పుడున్న గది మొదటి నుంచి మళ్లీ మొదలవుతుంది, పోయేది ఒక్క గదిలోని పోరాటమే.

నన్ను కట్టిపడేసింది అది కాదు. చచ్చిపోతే జాగ్రియస్ తిరిగి తండ్రి ఇంటికే వస్తాడు, కథ అక్కడ ముందుకి సాగుతుంది. వాకిట్లో నిద్రదేవుడు హిప్నోస్ ఈసారి ఎవరి చేతిలో పోయావో చెబుతాడు. ఒకప్పటి యుద్ధవీరుడు అకిలీస్ తన గతం గురించి ఇంకో ముక్క విప్పుతాడు. రాత్రిదేవత నిక్స్ దగ్గరకి వెళ్తే ఇంకేదో మాట. చాలా గేముల్లో ఓడిన అరగంట చేతిలోంచి జారిపోయిన అరగంట. హేడిస్‌లో ఓడిన రాత్రి కూడా ఒక మనిషి గురించి కొత్త సంగతి తెలుసుకుని పడుకుంటాం. పైగా ఆ సంభాషణ దగ్గర కథ సహజంగానే ఆగుతుంది, లేచి వెళ్లడానికి మనసొప్పుతుంది. బలాట్రో ఇవ్వలేనిది సరిగ్గా ఇదే.

వారం తర్వాత వచ్చినా ఇబ్బంది లేదు. ప్రతిసారీ ఆయుధం ఎంచుకోవడంతోనే మొదలు. జియస్, అథీనా, పొసైడన్ లాంటి గ్రీకు దేవతలు ఇచ్చే వరాలు కూడా ఆ ప్రయాణం వరకే. చేతివేగం లేదని భయపడేవాళ్లు గాడ్ మోడ్ పెట్టుకోవచ్చు. తగిలే దెబ్బలో 20 శాతం తగ్గుతుంది, చచ్చిన ప్రతిసారీ ఇంకో 2 శాతం, అలా 80 దాకా. దాన్ని వాడటానికి మొహమాటపడక్కర్లేదు, కథలో ఏమీ తగ్గదు. బాగా అలసిపోయి కళ్లు మంటపుట్టే రాత్రుళ్లు మాత్రం ఇది వద్దు. అంత చురుకు అప్పుడుండదు.

విచర్ 3, ఎల్డెన్ రింగ్ లాంటి పెద్దవాటిని ఈ పోలికలోకి తేలేదు. గొప్ప గేములే, కానీ విచర్‌లో పది రోజుల గ్యాప్ వస్తే ఎవరు ఎవరికి శత్రువో మళ్లీ చదువుకోవాలి. ఎల్డెన్ రింగ్‌లో మామూలు పాజ్ బటనే లేదు. సంక్రాంతి సెలవులకి ఉంచుకోవడం మంచిది.

కాబట్టి కంప్యూటరో నింటెండో స్విచ్చో ఉండి, పనిరోజు రాత్రి అరగంటే ఉంటే నా ఓటు హేడిస్‌కే. చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఒక్కటే ఉంటే హేడిస్ దొరకదు, మిగతా రెండూ దొరుకుతాయి. అక్కడ నేను స్టార్డ్యూ వ్యాలీనే ముందు పెడతాను. ఫోన్‌లో రోజు మధ్యలో బయటికి వచ్చినా మళ్లీ అక్కడి నుంచే కొనసాగించే వీలుంది, కంప్యూటర్‌లో నన్ను కంగారుపెట్టిన పెద్ద కారణం దాంతో తీరిపోతుంది. పంటల లెక్క మర్చిపోకుండా ఏ రోజు ఏం నాటారో ఫోన్‌లోనే నోట్స్‌లో ఒక వాక్యం రాసుకోండి.