పాత లయనెల్ పాల బోగీ: పదకొండేళ్లు తిప్పాక

పాత బొమ్మరైలు బోగీలు కొన్నవాళ్లు చాలామంది అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసేస్తారు, నేను మాత్రం పట్టాల మీద తిప్పడానికే కొంటా. కాబట్టి ఇది తిప్పి తిప్పి చెయ్యి నల్లగా చేసుకున్నోడి రివ్యూ.

నా దగ్గరున్నది అమెరికా బొమ్మరైళ్ల కంపెనీ లయనెల్ చేసిన 3472 నంబరు పాల బోగీ. ఈ రకంలో మొదటిది 3462, 1947లో వచ్చింది, దాని తర్వాత 1949 నుంచి 1953 దాకా చేసింది ఇది. పైన మూత తెరిచి బుల్లి పాల క్యాన్లు లోపలికి వదలాలి, మూడు పట్టాలతో పాటు ఇంకో రెండు అదనపు పట్టీలుండే ట్రాక్ ముక్క మీద బోగీని ప్లాట్‌ఫాం పక్కన ఆపాలి, బటన్ నొక్కగానే లోపల కాయిల్ జుయ్‌మంటుంది, తలుపులు టప్‌మని తెరుచుకుని తెల్ల బట్టల మనిషి ఒక క్యాన్ బయటికి తోసి వెనక్కెళ్లిపోతాడు. అంతే. ఇంటికొచ్చిన పిల్లలూ పెద్దలూ ఎవరూ ఒక్కసారితో ఆపరు.

కానీ మొండి ఘటం. కొన్న కొత్తలో పదిసార్లు నొక్కితే ఆరుసార్లే సరిగ్గా నిలబెట్టేవాడు, మిగతావి పక్కకి దొర్లిపోయేవి. నేను తెలివిమీరి నూనె పోశా, అది లోపల పాత గ్రీజుతో కలిసి జిగురైపోయి మొత్తానికే కదలడం మానేశాడు. చివరికి అడుగు స్క్రూలు విప్పి దూది పుల్లలతో గంటన్నర తుడిచా, క్యాన్లు జారే దారిలో నూనె చుక్క కూడా ఉండకూడదని అప్పుడు తెలిసింది. పట్టీలకి తగిలే అడుగు రేకులు కూడా మెరిసేదాకా రుద్దా. అప్పట్నుంచి ఏడాదికోసారి తుడుస్తే చాలు, బాగానే పనిచేస్తోంది.

దీంతో పోలిస్తే 1953 నుంచి వచ్చిన 6464 వరస బాక్స్ కార్లకి (నాలుగువైపులా మూసున్న సరుకు బోగీలు) పెద్ద చాకిరీ ఉండదు, రంగులు చూసుకుని మురిసిపోవడమే, కాకపోతే తలుపు జరపడం తప్ప చేసేదేం లేదు, నాకైతే కాస్త బోరు.

రెండో ప్రపంచ యుద్ధం ముందు నాటి బోగీలు కొనేవాళ్లు మాత్రం ముందు చక్రాలు తిప్పేసి చూడండి. జింక్ పోతలో సీసం కలిస్తే లోహం ఏళ్లు గడిచేకొద్దీ ఉబ్బి, సన్నటి పగుళ్లొచ్చి, బిస్కెట్‌లా రాలిపోతుంది, దానికి మందు లేదు, చక్రాలు మార్చుకోవడమే. నా రేకు గార్డు బోగీ ఒకటి అలాగే పోయింది, పైగా దాని మీద మసి కనిపించిందని స్పిరిట్‌తో తుడిచా, పక్కనున్న అక్షరాలు కూడా దూదికంటుకుని వచ్చేశాయి. ఇప్పుడు తడిగుడ్డ గట్టిగా పిండి తుడవడం తప్ప ఇంకేం చెయ్యను, మరక ఉంటే ఉండనీ.

పాల బోగీ క్యాన్లలో ఒకటి ఎక్కడో దొర్లిపోతే కొత్తగా చేసిన నకలు క్యాన్ తెచ్చిపెట్టా. చూడ్డానికి అచ్చం అలాగే ఉంది, కానీ కాస్త తేలిక, మన పాలవాడు తోసిన ప్రతిసారీ అదొక్కటే పడిపోతుంది.