ఇంటిపన్ను వసూళ్ల లెక్క: రోజూ సరిచూడాలా, నెలాఖరున చూడాలా?

మున్సిపాలిటీ రెవెన్యూ విభాగంలో బిల్ కలెక్టర్ల లెక్క ఏ రోజుకారోజు తేల్చవచ్చు, లేదా నెలాఖరున డీసీబీ, అంటే డిమాండ్, వసూలు, బకాయి పట్టిక వేసేటప్పుడు ఒకేసారి చూడవచ్చు.

రోజువారీ పద్ధతిలో మూడు కాగితాలు పక్కపక్కన పెట్టాలి: రసీదుల జాబితా, బ్యాంకు చలానా, మర్నాటి బ్యాంకు స్టేట్‌మెంట్. రసీదులు రూ.48,600, చలానా రూ.46,100 అనుకుందాం. ఆ 2,500 రద్దయిన రసీదుదా, చెక్కును నగదు కింద రాశారా, డబ్బు ఇంకా బిల్ కలెక్టర్ దగ్గరే ఉందా? ఆ సాయంత్రమే అడిగితే తేలుతుంది. నెల తర్వాత అడిగితే "గుర్తులేదు సార్" అంటారు. రద్దు రసీదు అసలు ప్రతి జతచేయనిదే ఒప్పుకోకండి.

నెలాఖరు పద్ధతికి సిబ్బంది తక్కువ సరిపోతారు. పైగా కొన్ని తప్పులు అందులోనే దొరుకుతాయి. పాత బకాయికి కట్టింది ఈ ఏడాది పద్దులో పడుతుంది. కట్టేసినవాడి మీదే నెలకు 2 శాతం వడ్డీ నడుస్తుంది, కౌంటర్ దగ్గర గొడవ మొదలవుతుంది. పన్ను మీద 8 శాతం గ్రంథాలయ సెస్సు మున్సిపల్ ఆదాయంలో కలిసిపోవడం మరొకటి. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాల్సిన సొమ్ము.

సిబ్బంది చాలకపోతే నగదు, చెక్కులు మాత్రం రోజూ చూడాలి; ఆన్‌లైన్ చెల్లింపులు వారానికోసారి చాలు. ఏప్రిల్‌లో 5 శాతం రాయితీ కోసం జనం బారులు తీరినప్పుడు రోజువారీ సరిచూత ఒక్కరోజూ తప్పకూడదు.